పద్దెనిమిది సంచుల హార్బరు

బుధవారం మధ్యాహ్నం సూర్యకళ ద్వారకానగర్ నుంచి ఇంటికొచ్చేసరికి ముందుగదిలో నేల కనపడలేదు. నీలం టార్పాలిన్ పరిచి, దానిమీద ఎనిమిది చేపల గంపలు వరసగా పెట్టి ఉన్నాయి. గంపల్లో చేపలు లేవు. ఒకదాంట్లో బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలు, ఒకదాంట్లో నల్లవి, ఒకదాంట్లో గోధుమరంగువి. చిన్నవి చిన్నవాటితో, పొడుగువి పొడుగువాటితో, పొద్దున్నే రేవులో వేలానికి పెట్టినంత తీరుగా ఉన్నాయి. గోడవార ఒక కత్తెర, దాని పక్కన కోసేసిన సంచులు కుప్పగా పడి ఉన్నాయి.

తల్లి గంగాలమ్మ గడపలో కూర్చుని చెంగుతో మెడ తుడుచుకుంటోంది. కూతురు మెచ్చుకుంటుందని మొహంలోకి చూసింది.

"అన్నీ ఏరీసినాం. రెండ్రోజులు పడతాదన్నావు గదా. పూటలో అయిపోనాది."

సూర్యకళ చెప్పులు విప్పడం కూడా మరిచిపోయింది.

స్టార్మ్ హార్బర్ అని ఒక వీడియో గేమ్. బడిపిల్లల దగ్గర్నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగస్తుల వరకు ఫోన్లలో అదే ఆడుతున్నారు. ఆ గేములో ఉండే రేవుని ముక్క మీద ముక్క తగిలించి కట్టుకునే సెట్టు ఇది. లైట్‌హౌసు, రెండు క్రేన్లు, తుపానులో చిక్కుకున్న ఓడ, అన్నీ కలిపి రెండు వేల పైచిలుకు ముక్కలు. వీరేంద్ర అనే ఆయన ద్వారకానగర్‌లో ఇలాంటి సెట్ల దుకాణం శుక్రవారం తెరుస్తున్నాడు. అద్దాలపెట్టెలో పెట్టడానికి ఈ సెట్టు ఒక్కటే తెప్పించగలిగాడు. దుకాణం నిండా ఇంకా వడ్రంగి పని, రంగులు, దుమ్ము. అందుకని సూర్యకళ చేతికిచ్చి, "ఇంటిదగ్గర కట్టి పట్టుకురామ్మా. నాకు నచ్చితే దుకాణంలో సెట్లు కట్టే పని, పిల్లలకి నేర్పే పని నీవే. లేదంటే గోపాలపట్నం అబ్బాయి ఒకడు కాచుకుని ఉన్నాడు" అన్నాడు.

డిగ్రీ అయిన ఈ మూడేళ్లలో సూర్యకళ చీరల కొట్లో నిలబడింది, మందుల షాపులో నిలబడింది, సెల్‌ఫోన్ల షాపులో నిలబడింది. తన చేతులు ఇష్టపడే పని కంటబడింది మాత్రం ఇదొక్కటే.

ఆ సెట్టులో పద్దెనిమిది సంచులు, ఒక్కోదాని మీద ఒక్కో అంకె. ఒకటో సంచి కట్టడం అయ్యాకే రెండోది విప్పాలి. నిన్న సాయంత్రానికి నాలుగు సంచులు కట్టింది. ఈ పొద్దున్న అద్దాలపెట్టె కొలతలు తీసుకోవడానికి వెళ్తూ, "ఇంకా రెండ్రోజులు పడతాది, ఈ ముక్కలు ఏరుకోడానికే నడుం పడిపోతోందమ్మా" అంది. ఆ మాట గంగాలమ్మ చెవిన పడింది. ఏరడమంటే ఆమెకు ఊహ తెలిసినప్పటినుంచి వచ్చిన విద్య. వీధిలో నలుగుర్ని కేకేసింది.

"సంచుల మీద అంకెలున్నాయి గదమ్మా. ఎందుకు కోసావు?"

"సేపల పెట్టెల మీదా ఉంటాయి అంకెలు. కోసి ఏరుకోకపోతే కుళ్లిపోవూ?"

అరుగుమీద వల బాగుచేసుకుంటున్న తండ్రి దాలయ్య తలెత్తకుండానే అన్నాడు. "మీయమ్మకి అంకెలు సెప్తన్నావేటే. దాని ఫోను నంబరు అది నన్నడుగుతాది."

సూర్యకళ గంపల ముందు గొంతుక్కూర్చుంది. కాసేపటికి ఊపిరి ఆడింది. చెడింది చెడింది గాని, మరీ మునిగిపోలేదు. రకాల వారీగా ఉన్నాయి కాబట్టి పుస్తకంలో బొమ్మ చూసి వెతుక్కోవచ్చు, కాస్త ఆలస్యమవుతుందంతే. అలా అనుకుంటూ గాజులాంటి ముక్కలున్న చివరి గంపలో చెయ్యి పెట్టి కలిపింది. మళ్లీ కలిపింది.

"లైట్‌హౌసు దీపం ఏదమ్మా? పచ్చగా, నిమ్మకాయంత ఉంటాది. నొక్కితే ఎలుగుతాది."

"అది ఆదిలక్ష్మమ్మప్ప వాటాలోకి ఎల్లిపోనాది."

"వాటా ఏటి?"

"నలుగురొచ్చి పొద్దున్నించీ ఏరినారు. ఉట్టిసేతుల్తో పంపుతానేటి? తలో పిడికిడు ఎట్టినాను. అప్ప పెద్దది గదా, రెండు పిడికిళ్లు."

రేవులో పెద్ద వల లాగేటప్పుడు తాడు మీద చెయ్యేసిన ప్రతివాళ్లకీ పిడికెడు చేపలు దక్కుతాయి. దారినపోయేవాడు వచ్చి పట్టినా సరే, అడగనక్కర్లేదు. అలా ఇచ్చిన వాటాని వెనక్కి అడిగిన మనిషి ఆ జాలర్ల పేటలో ఇంతవరకు పుట్టలేదు.

"ఎల్లి తెచ్చీ అమ్మా."

"ఇచ్చిన వాటా అడగమంటావా? రేపు ఆల్ల ముందు నడవాలా వద్దా నాను? అన్నేసి ముక్కల్లో ఐదు పిడికిళ్లు పోతే ఎవులికి తెలుత్తాదే?"

"పడవ అడుగున ఒక్క సెక్క నేకపోతే తెలుత్తాదో నేదో నాన్ననడుగు."

దాలయ్య సూది ఆపి కాసేపు ఆలోచించాడు. "తెలుత్తాది" అన్నాడు.

గంగాలమ్మ నవ్వు ముందు పోయింది, తర్వాత మొహంలో రంగు పోయింది. కూతురి ఉద్యోగాన్ని తన చేత్తోనే పిడికిళ్లు పిడికిళ్లుగా పంచిపెట్టానని ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. అయినా కాళ్లు కదల్లేదు. సూర్యకళే లేచి బయల్దేరింది.

పేటకి పెద్దదైన ఆదిలక్ష్మమ్మ ఇస్తే మిగతా ముగ్గురూ ఇస్తారు. ఆవిడ కాదంటే పేటలో ఒక్క ముక్క కదలదు. సూర్యకళ వెళ్లేసరికి ఆవిడ ఇంటిముందు ఎండుచేపలు తిరగేస్తూ కాకుల్ని తిడుతోంది. తలుపు తీసే ఉంది. లోపల టీవీ మీద పచ్చటి దీపం కనిపిస్తోంది. సూర్యకళ దానివైపు చూడనట్టే కూర్చుని, తనూ రెండు చేపలు తిరగేసింది.

"ఏటే గుంటా, మొగం అలా ఏలాడేసినావు?"

"పెద్దమ్మా, వల ఇంకా నీళ్లలో ఉండగానే తాడొదిలీసి, వాటా పట్టుకుని ఎల్లిపోయినోల్లని ఏటంటారు?"

"దొంగలంటారు. ఎవులే ఆల్లు?"

"నువ్వు, పుష్ప పిన్ని, ఇంకిద్దరు."

ముసలామె చెయ్యి ఆగిపోయింది. సందు చూసి ఒక కాకి చేపనెత్తుకుపోయింది. ఆవిడ పట్టించుకోలేదు.

"నోరు జాగర్త. మీయమ్మ ఇత్తేనే తీసుకున్నాం."

"అమ్మదే తప్పు. ఏరడమంటే వల ఇసరడమే పెద్దమ్మా. కట్టడమే లాగడం. హార్బరు ఇంకా లెగనేదు, వల ఒడ్డెక్కనేదు. అప్పుడే వాటా ఏటి? నానేదీ ఎనక్కడగడం నేదు. తాడు మీదికి రమ్మంటన్నాను."

ఆదిలక్ష్మమ్మ చేతిలోని చేపని తిరగేసింది. ఆ మాట ఎక్కడైనా వంకరపోయిందేమోనని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నట్టుంది. వంకర దొరకలేదు.

"మీయమ్మకి పెళ్లికి ముందునించీ తొందరే" అని లేచింది. "వల ఒడ్డెక్కకుండా వాటా ఎట్టడం మా అత్తలకాలంలో కూడా సూడనేదు నాను."

టీవీ మీది దీపం, స్టీలు గిన్నెలోని ముక్కలు చెంగులో మూటగట్టుకుంది. వీధిలోకొచ్చి, "ఒలే పుష్పా, పని అవనేదంట. ఎట్టుకెల్లింది ఎట్టుకుని రాండే" అని కేకేసింది. ఆ కేకకి మూడు ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి.

ఆ సాయంత్రం, మర్నాడు పగలంతా ఆరుగురు ఆడవాళ్లు టార్పాలిన్ చుట్టూ కూర్చున్నారు. సూర్యకళ పుస్తకం చూసి కావలసిన ముక్క చెబుతుంది. చెప్పీ చెప్పకముందే ఎవరో ఒకరు అందిస్తారు. కాసేపటికి ముక్కలకి తమకి తెలిసిన చేపల పేర్లు పెట్టేసుకున్నారు. సన్నవి నెత్తళ్లు, బల్లపరుపువి చందువలు, పొడుగువి వంజరాలు. "నల్ల నెత్తళ్లు నాలుగు, బూడిద వంజరం ఒకటి" అంటే చాలు, గంపలోకి చూడకుండానే వేళ్లు పట్టుకొచ్చేవి. పద్దెనిమిది అంకెల్నీ నమ్ముకున్నా అంత జోరుగా సాగేది కాదేమోనని సూర్యకళకి ఒకటి రెండుసార్లు అనిపించింది గాని, తల్లి వింటుందని పైకి అనలేదు.

"ఈ ఓడకి సుక్కాని ఇంత సిన్నదేటే?" అంది ఆదిలక్ష్మమ్మ. "దీన్నేసుకుని తుపానులోకి ఎల్లినోడికి బుద్ధి నేదు."

"గేములో వాడు ఎల్లి తిరిగొత్తాడు పెద్దమ్మా."

"గేములో గాబట్టి వొత్తాడు."

గురువారం నాలుగింటికి లైట్‌హౌసు నెత్తిన దీపం కూర్చుంది. పుస్తకంలో ఇక పేజీలు లేవు. గంపల అడుగున మాత్రం ఏడు చిన్న ముక్కలు మిగిలాయి.

గంగాలమ్మ వాటిని అరచేతిలో వేసుకుంది. "ఎక్కడో ఎట్టడం మర్సిపోనాం. నావల్లే."

సూర్యకళ ఆ ఏడింటినీ ఒక్కొక్కటే పుస్తకం చివరి పేజీలోని పట్టికతో పోల్చి చూసింది. దాలయ్య కూడా సూది కింద పెట్టి లోపలికొచ్చాడు.

"ఏదీ మర్సిపోనేదమ్మా. సన్న ముక్కలు పోతాయని కంపెనీవోల్లే ఒకటి రెండు ఎక్కువేత్తారు. ఇయి ఆ ఎక్కువే. అంతా సరిపోయింది."

అని టార్పాలిన్ మీద అలాగే వెల్లకిలా పడుకుంది. బిగించి కట్టిన మోకులు ఎవరో ఒక్కొక్కటే వదులు చేస్తున్నట్టు ముందు భుజాలు, తర్వాత వీపు, చివరికి వేళ్లు సడలాయి. పుష్ప నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకో తెలియకుండానే అందరూ నవ్వారు. గంగాలమ్మ మాత్రం నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లి, పొద్దున్న దాలయ్య తెచ్చిన చేపల్ని నాలుగు వాటాలేసి, పెద్దావిడకి పెద్ద వాటా వేసి తెచ్చింది. ఈసారి తలవంచుకోకుండా అందరి మొహాల్లోకీ చూసి ఇచ్చింది.

శుక్రవారం పొద్దున్నే ఆటోలో తల్లీ కూతుళ్లు చెరోవైపు కూర్చుని హార్బరుని ఒళ్లో పెట్టుకుని పట్టుకెళ్లారు. స్పీడుబ్రేకరు వచ్చినప్పుడల్లా గంగాలమ్మ డ్రైవరుని ఒక మాటనేది.

వీరేంద్ర హార్బరు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. క్రేను కొక్కెం లాగి చూశాడు, దీపం నొక్కాడు. వెలిగింది.

"ఒక్కదానివే కట్టావా?"

"లేదండి. ఆరుగురం."

ఆయన ఏదో అడగబోయి, చేపల వాసన తగిలి ముక్కు ఎగబీల్చి, మానేశాడు. "సోమవారం పదిన్నరకల్లా వచ్చెయ్యి. ఆ గోపాలపట్నం అబ్బాయికి నేను ఫోన్ చేసి చెప్పేస్తాలే."

బయట మెట్టు మీద గంగాలమ్మ కూర్చుని ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఏటన్నాడు?"

"సోమవారం రమ్మన్నాడు."

గంగాలమ్మ తలూపింది. కొంగు సర్దుకుని, "టీ తాగుదామే. నిన్నట్నించీ నోట్లో ఏటీ రుసి తెలీడం నేదు" అంది.

టీ తాగి, బస్టాండు కాంప్లెక్సులో బస్సెక్కి కూర్చున్నారు. పక్కకి తిరిగేసరికి తల్లి నిద్రపోతోంది. లేపుదాం, దిగేది దగ్గరే కదా అనుకుంటూ సూర్యకళ కూడా కళ్లు మూసింది. దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయి, హనుమంతవాకలో కండక్టరు వచ్చి సీటు మీద తట్టేదాకా ఇద్దరికీ మెలకువ రాలేదు.