కల్నల్ బావగారి ఆఖరి కోటు

"మా బావ ఛాతీ విరుచుకుని నడుస్తాడా? అందులో సగం ఛాతీ నేను కుట్టిందే" అని దర్జీ తన దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఊడిన బొత్తాం కుట్టించుకుందామని వచ్చినవాడు కూడా కల్నల్‌గారి చరిత్ర మొత్తం వింటే కానీ బయటపడలేడు.

అక్క మొగుడు సైన్యంలో చిన్న అధికారిగా చేరిన నాటి నుంచీ ఆయన యూనిఫాం కోట్లన్నీ ఇతనే కుట్టాడు. ఒక్కసారైనా ఆయన నోట "బాగుంది" అన్న మాట రాలేదు. కోటు తొడుక్కుంటాడు, మెడ వంచి కిందికి చూసుకుంటాడు, ఎక్కడో దాక్కున్న దారప్పోగును గోటితో పైకి లాగుతాడు. "ఇదేమిటోయ్?" అంటాడు. అంతే. శత్రువుల్ని కూడా ఆయన ఇలాగే కనిపెట్టి ఉంటాడని దర్జీ అనుకునేవాడు. పైకి మాత్రం "ఆయన మెచ్చుకుంటే నాకేమన్నా కిరీటం పెడతారా?" అనేవాడు కానీ, ఆ ఒక్క మాటకి మొహం వాచిపోయి ఉన్నాడు.

ఇప్పుడు బావ రిటైరవుతున్నాడు. జనరల్‌గారే వచ్చి, ఆయన చేసిన సేవలన్నీ సభలో చదివి వినిపిస్తారట. విశిష్ట సేవకని కొత్తగా ఇంకో పతకం కూడా ఇచ్చారు. పాతవన్నీ విప్పి, కొత్తదాన్ని వాటికి ముందు చేర్చి, ఒకే పట్టీ మీద మళ్ళీ వరసగా కుట్టాలి. ఇదే ఆఖరి కోటు. ఆ మాట ఈ కోటుకి రాకపోతే ఇక ఈ జన్మకి రాదు.

కోటు పూర్తయింది, ఇస్త్రీ కూడా అయింది. మడిచి సంచిలో పెట్టేస్తే గొడవే లేదు. కానీ దర్జీకి ఒక పాత కడుపుమంట ఉంది. కుర్రతనంలో అతనూ సైన్యంలో చేరదామని వెళ్ళాడు. ఒంటికి టేపు చుట్టి ఊపిరి పీల్చమన్నారు. పీల్చాడు. ఛాతీ ఉబ్బలేదు, దగ్గొచ్చింది. అప్పటికే బడి మానేసిన మొహం. ఇక ఏం చేస్తాడు? ఆ రోజు తనని కాదన్న టేపునే మెడలో వేసుకుని బతుకుతున్నాడు. అప్పుడు ఛాతీకి రాని అంగుళాలు తరవాత తీరిగ్గా పొట్టకి వచ్చాయి.

తలుపు దగ్గరగా వేసి కోటు తొడుక్కున్నాడు. పొట్ట లోపలికి లాగితే బొత్తాలు పడ్డాయి. నిలువుటద్దం పక్కనే గోడకి బావ పాత ఫొటో ఉంది. ఫొటోలోకి ఒకసారి, అద్దంలోకి ఒకసారి చూసుకుంటూ పతకాలన్నీ గుండుసూదులతో రొమ్ము మీద గుచ్చుకున్నాడు. అంతా అచ్చు దిగినట్టు కుదిరాక సలాము కొట్టాడు. అద్దంలోవాడు కూడా కొట్టాడు. ఇతని బతుకులో ఇతనికి సలాము కొట్టిన మొదటి మనిషి వాడే.

"ఎవరికండీ ఆ సలాము?"

గుమ్మంలో భార్య. దర్జీ ఊపిరి వదిలేశాడు. కింది బొత్తాం ఎగిరి మిషను కింద పడింది.

"కొలత చూస్తున్నానే."

"చూడండి, చూడండి. కొలతలయ్యాక దొరగారు కాస్త దయచేసి గ్యాసు సిలిండరు లోపల పెడతారా? వాడు గుమ్మంలో దించేసి పోయాడు."

దొరగారు సిలిండరు మోశారు. తరవాత బొత్తాం కుట్టి, గుచ్చుకున్న వరస చెడకుండా పతకాలన్నిటినీ పట్టీకి జంట దారంతో బిగించేశారు.

సభ రోజు సాయంత్రం దర్జీ బావ ఇంటికెళ్ళి ఆయనకి కోటు తొడిగాడు. బావ ఎప్పటిలాగే మెడ వంచాడు. గోరు మెడపట్టీ మీద తిరిగింది, జేబుల మీద తిరిగింది, చేతుల అంచుల మీద తిరిగింది. ఒక్క దారప్పోగు దొరకలేదు. వస్తోంది, ఆ మాట వచ్చేస్తోంది. ఇంతలో గోరు పతకాల దగ్గర ఆగింది.

"ఏం చూసి పెట్టావోయ్ ఈ వరస?"

"మీ ఫొటో చూసే, బావగారూ. కొత్తది మొదట."

"మొదటంటే ఎక్కడ?"

దర్జీ చెయ్యెత్తి చూపించబోయి ఆగిపోయాడు. మొదటిదైన కొత్త పతకం రొమ్ము మధ్యకి, బొత్తాల పక్కన ఉండాలి. అది పోయి చంక దగ్గర వేలాడుతోంది. వరస మొత్తం వెనకది ముందుకీ, ముందుది వెనక్కీ అయి కూర్చుంది.

"బల్ల మీద పరిచి కుట్టేవాడికి ఈ తప్పు రాదు" అన్నాడు బావ, తాపీగా. "ఫొటోలో ఎడమ చివర ఉన్నదాన్ని అద్దంలోనూ ఎడమ చివరే పెట్టావు. అద్దంలో అది భుజం వైపు. అంటే అప్పుడు ఈ కోటు నీ ఒంటి మీదుంది."

దర్జీ రెండు చేతులూ పొట్టకి అడ్డం పెట్టుకున్నాడు.

"వేసుకున్నావుట్రా?" అంది అక్క.

"కొలత కోసం..."

"మీ బావ కొలత నీ పొట్టకెక్కడ సరిపోయిందిరా!"

బయట జీపు హారన్ మోగింది. ఇలాగే వెళితే సభలో ఉన్న ప్రతి అధికారికీ కనిపిస్తుంది. ఎన్నేళ్ళ సర్వీసో, ఎన్ని కొండలూ గుట్టలో, అన్నీ అటుంచి, పతకాలు పెట్టుకోవడం రాని కల్నల్ అంటారు.

"సూది తెచ్చావా?" అన్నాడు బావ.

"ఉంది, బావగారూ."

"అయితే కానీ."

దర్జీ బ్లేడుతో కుట్లు విప్పబోయాడు. అవి ఓ పట్టాన ఊడి రాలేదు.

"తప్పుని కూడా ఇంత గట్టిగా కుట్టాలట్రా?" అంటూ అక్క కళ్ళద్దాలు సర్దుకుని దారం ఎక్కించి అందించింది. మళ్ళీ హారన్. ఈసారి పతకానికి రెండు పోట్లు, ఒక ముడి, అంతే. తొందరలో సూది తన వేలికే దిగింది. బావ పక్కకి కూడా చూడకుండా నిలబడ్డాడు.

సభలో దర్జీకి మంచి చోటే దొరికింది. జనరల్‌గారు చదవడం మొదలుపెట్టారు. వరద నీళ్ళలో ఊళ్ళు ఖాళీ చేయించిన సంగతి, మంచు పెళ్ళల కింద చిక్కుకున్న జవాన్లని తవ్వి తీసిన సంగతి, గాయం మానకముందే మళ్ళీ సరిహద్దుకి వెళ్ళిన సంగతి. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఎన్నాళ్ళ నుంచో వినాలనుకున్న ఆ గొప్పలో ఒక్క ముక్క కూడా దర్జీ చెవికెక్కలేదు. అతని రెండు కళ్ళూ చివరి పతకం మీదున్నాయి. ఎవరు కరచాలనం చేసినా అది ఊగుతోంది.

"కల్నల్‌గారు మీకేమవుతారండీ?" అని అడిగాడు పక్క కుర్చీ ఆయన.

"ఊడదు లెండి" అన్నాడు దర్జీ.

ఊడలేదు. అది తన పనితనం కాదని, పతకం మర్యాద అని దర్జీ తనలో తనే ఒప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక అక్క వంటింట్లోకి వెళ్ళింది. బావ కోటు విప్పాడు, పతకాల పట్టీ తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు, కోటు దర్జీ ముందుకి చాపాడు.

"వేసుకో."

"బావగారూ, బుద్ధి గడ్డి తిని చేశాను. ఇంకెప్పుడూ..."

"ఇంకెప్పుడేమిటి, ఇక నాకే పనిలేదు దాంతో. పతకాలు నావి, ఇవ్వను. కోటు నువ్వు కుట్టిందేగా, వేసుకో."

దర్జీ బిక్కమొహంతో వేసుకున్నాడు. బావ గోడ దాకా వెనక్కి నడిచి చూశాడు. తరవాత చుట్టూ ఒకసారి తిరిగాడు, పరేడ్‌లో వరస చూసినట్టు. మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఎప్పుడూ మెడ వంచి పైనుంచే చూసుకున్నానోయ్. కోటు లోపలున్నవాడికి దారాలే కనిపిస్తాయి. ఇలా ఎదురుగా చూడ్డం ఇదే." భుజం మీద ముడత సర్దాడు. "బాగుంది."

తన చెవులు తనని మోసం చేశాయనుకున్నాడు దర్జీ.

"అక్కా, విన్నావా?" అని కేకేశాడు.

లోపల గిన్నెల చప్పుడు. "ఏంటిరా?"

"బావగారూ, అక్క వచ్చాక ఇంకొక్కసారి అంటారా?"

"అతి చెయ్యకు. ఆ చేతులు పొడుగయ్యాయి, చూసుకో."

'అవి మీ చేతులకి కుట్టినవి' అని నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే, ఇచ్చిన 'బాగుంది' కూడా వెనక్కి తీసుకుంటాడేమో ఈ మహానుభావుడు! దర్జీ చేతుల అంచులు బుద్ధిగా లోపలికి మడుచుకుని నోరు మూసుకున్నాడు.