అడిగి తెచ్చిన అంగి

పరమేశ్వర్ పాత టూత్‌బ్రష్‌తో రబ్బరు ముద్రల సందుల్లో గడ్డకట్టిన సిరాను గీకుతుండగానే కిటికీ అవతల జనం వరుస కట్టారు. ముద్రలు మూడు: పూర్తి, సగం, మాఫీ. మెడికల్ కాలేజీ దవాఖాన కాబట్టి డాక్టరు చూపు అందరికీ ఉచితమే. విద్యార్థులు నేర్చుకోవడానికి రోగులు కావాలి కదా. స్కానింగుకూ ఆపరేషనుకూ మాత్రం ఎవరి తాహతును బట్టి వారు కట్టాలి. ఏ సర్కారు కార్డూ లేనివాళ్ల తాహతు తేల్చడం పరమేశ్వర్ పని.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడేదాకా ఆయన అక్కడ చెరుకు బండ్లకు టోకెన్లు రాసేవాడు. తర్వాత చాలాకాలం ఖాళీగా తిరిగి, నిజామాబాద్‌లో ఈ కుర్చీ దొరికితే కళ్లకద్దుకున్నాడు. ఏడాదికోసారి కాంట్రాక్టు. మనిషి సన్నగా, కొద్దిగా వంగి, చొక్కా కాలరు మాయకుండా లోపల చేతిరుమాలు పెట్టుకుని ఉంటాడు. మొదట్లో వచ్చినవాళ్ల ముఖాలు చూసేవాడు. ముఖం చూస్తే చెయ్యి మాఫీ ముద్ర మీదికే పోతోందని మానేశాడు. ఇప్పుడు మెడ, మణికట్టు, కాళ్లు చూస్తాడు.

ఆ పొద్దున వస్తూనే సూపరింటెండెంటు కిటికీ దగ్గర ఆగాడు.

"మాఫీలు మళ్లీ ఎక్కువైనయ్ పరమేశ్వర్. నీతోని కాకుంటే చెప్పు, ఇంకొకలను పెట్టుకుంటం."

"కాదు సార్, చూసే కొడుతున్న" అన్నాడాయన, కుర్చీలోంచి సగం లేచి.

వరుసలో అయిదారుగురి తర్వాత ఒక ముసలి జంట వచ్చింది. ముత్తన్న, ఈరవ్వ. ఆయన ఇస్త్రీ మడతలు చెదరని తెల్ల అంగిలో ఉన్నాడు. కడుపు ఉబ్బి, కిటికీ చువ్వ పట్టుకుంటే గాని నిలబడలేకపోతున్నాడు. ఆమె మెడలో బంగారు గుండ్లపేరు మెరుస్తోంది.

"ఏ ఊరన్నా?"

"చందూర్, సారు."

"భూమి ఎంతున్నది?"

ఈరవ్వ ఏదో చెప్పబోయింది. ముత్తన్న ఆమె వైపు ఒక చూపు చూసి, నొప్పి దిగమింగి నిటారుగా నిలబడ్డాడు.

"మూడెకరాలున్నది."

పరమేశ్వర్ గుండ్లపేరు చూశాడు, అంగి చూశాడు. పూర్తి ముద్ర కొట్టాడు.

డబ్బు కట్టే గది ఎటో చూపిస్తే వాళ్లు తిరిగారు. అప్పుడు కనబడింది ముత్తన్న వీపు. వదులైన అంగిని వెనక దగ్గరికి లాగి పిన్నీసు పెట్టారు. పరమేశ్వర్‌కు అంతా తెలిసిపోయింది. ఈ ఉద్యోగం అడగడానికి వచ్చిన రోజు తనూ బావమరిది ప్యాంటే తొడుక్కుని వచ్చాడు. పిలవాలని నోరు తెరిచాడు. వెనకున్న మనిషి కాగితం తోశాడు. పొద్దుటి మాట గుర్తొచ్చింది. సిగ్గుపడుతూనే ఆ కాగితం అందుకున్నాడు.

మధ్యాహ్నం గిన్నె మూత తీసి అన్నం కలుపుతుంటే ఈరవ్వ మళ్లీ వచ్చింది. మెడ బోసిగా ఉంది. గుండ్లపేరు కొంగున ముడివేసుకుంది.

"సారు, తప్పయింది. గీ గుండ్లు నావి గావు. ఆయన అంగి గూడ పక్కింటి హన్మండ్లుది. మంచిగ కనవడకుంటె పెద్ద డాక్టర్లు మంచిగ సూడరనుకున్నం."

"మరి భూమి?"

"కౌలుది సారు. గంత మందిల లేదని చెప్పబుద్ధి గాలే ఆయనకు."

పొద్దునే చెప్పొద్దా అక్కా అనబోయి ఆగిపోయాడు. పొద్దున తనకూ తెలుసు.

ఒకసారి పడిన ముద్రను మార్చాలంటే సూపరింటెండెంటు సంతకం కావాలి. ఆయన పైన విద్యార్థులకు పాఠం చెబుతున్నాడు. పిలవకుండా ఏనాడూ ఆ మెట్లెక్కని పరమేశ్వర్ ఎంగిలి చెయ్యి గబగబా కడుక్కుని పైకి పోయి తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల నవ్వులు వినబడుతున్నాయి. తలుపు తట్టడానికి చెయ్యెత్తి, రెండుసార్లు దించుకున్నాడు. పాఠం అయ్యాక సూపరింటెండెంటు కాగితం చూసి విసుక్కున్నాడు. సంతకం మాత్రం పెట్టాడు.

"వచ్చే నెల నీ కాంట్రాక్టు సంగతి మాట్లాడదాం" అని వెళ్లిపోయాడు.

పరమేశ్వర్ కిందికి వచ్చి మాఫీ ముద్ర కొట్టి, సిరా ఆరకముందే కాగితం పట్టుకుని వరండాలోకి పోయాడు. బెంచీ మీద ముత్తన్న గోడకు ఆనుకుని ఉన్నాడు. ఈరవ్వ ఆయన అంగి గుండీలు విప్పుతోంది. స్కానింగు కోసం అనుకున్నాడు.

"అక్కా, మాఫీ అయింది. లోపలికి తీస్కపోదాం."

ఆమె తలెత్తలేదు.

"పోయిండు సారు." ఇంకో గుండీ విప్పింది. "అంగి ఖరాబు గాకముందే తీస్తున్న. వాపస్ ఇయ్యాలె గద."

పరమేశ్వర్ కాగితం జేబులో కుక్కుకుని, ముత్తన్నను భుజాలు పట్టి ముందుకు వంచాడు. ఆమె పిన్నీసు తీసి పక్కన పెట్టి, చేతులు ఒక్కొక్కటిగా బయటికి లాగింది. సంచిలోంచి ఆయన సొంత అంగి తీసింది. కాలరు చిరిగి, చంకలో వేరే రంగు దారంతో కుట్టిన అంగి. అది తొడిగాక ముత్తన్న తన ఊళ్లో ఉండే మనిషిలాగే కనిపించాడు. పరమేశ్వర్ ఆ రోజు మొదటిసారి ఒక ముఖం చూశాడు. ఏడుపొచ్చింది.

ఈరవ్వ తెల్ల అంగిని మడతల మీదే మడిచి సంచిలో పెట్టుకుంది. సాయంత్రం ముత్తన్నను ఎక్కించుకుని బండి చందూర్ దారి పట్టింది. పరమేశ్వర్ గేటు దాకా సాగనంపి తిరిగి వచ్చేసరికి వరండా ఊడ్చేసి ఉంది. బెంచీ మీద, గోడ వైపు, నోరు తెరిచిన పిన్నీసు అలాగే ఉంది.