ఎక్కడికని అడగకూడని విమానం

అద్దంకి అంకమ్మరావుకు విమానం ఉంది. మిరపకాయల ఎగుమతిలో సంపాదించి, ఎవరో వాడి వదిలేసిన ఎనిమిది సీట్ల విమానాన్ని కొని, మిరప చేల మధ్య తారు పోయించి దింపుకున్నాడు. మిర్చి యార్డులో టిక్కీ అనే మిరపకాయల బస్తాలా పొట్టిగా లావుగా ఉంటుందని ఊరు దానికి ఎగిరే టిక్కీ అని పేరు పెట్టింది.

విమానం గాల్లోకి లేస్తే చాలు, అది ఎక్కడుందో లోకమంతా ఫోనులో చూడొచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు. టైర్ల కొట్టు జాన్ బాషాకు చెప్పారు. జాన్ బాషా ఫేస్‌బుక్‌లో దానికో పేజీ పెట్టాడు. పదకొండు వేల మంది చేరారు. విమానం లేచిన ప్రతిసారీ అతను ‘మన విమానం బయల్దేరింది’ అని రాస్తాడు. కింద జనం వరసగా ‘ఎక్కడికి?’ అని అడుగుతారు.

అంకమ్మరావుకు ఒళ్లు మండేది అక్కడే. బయల్దేరే మనిషిని ఎక్కడికి అని అడగడం ఏం మర్యాద? దూరమా అనొచ్చు, నోరు మూసుకుంటే మరీ మంచిది. ఎక్కడికి అన్నారా, ఆ పని అయినట్టే. వెనక్కొచ్చి, చెప్పులు విడిచి, లోపల కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. ఒకసారి ఆయన ఖాతరు చేయకుండా వెళ్తే చీరాల దారిలో ఆయన మిరపకాయల లారీ తగలబడింది. డ్రైవరు బీడీ కాలుస్తున్నాడన్న సంగతి ఆయన లెక్కలోకి రాదు.

ఈ రోజు మాత్రం వెళ్లి తీరాలి. పన్నెండింటికి విశాఖపట్నం రిజిస్ట్రారు ఆఫీసులో ఆయన ఒక్కగానొక్క కూతురు తేజశ్రీ పెళ్లి. కులం కాని కుర్రాడని ఆయన రెండేళ్లు కూతురితో మాట్లాడలేదు. అంతటితో ఊరుకోక, ఆ పెళ్లి గడప తొక్కనని గుంటూరు మిర్చి యార్డులో నలుగురి ముందూ పంతం పలికాడు. కన్నపేగు ముందు పంతం ఎంతసేపు నిలుస్తుంది? నిన్న తనే ఫోను చేసి, “వస్తున్నానమ్మా, ఎవరికీ చెప్పొద్దు” అన్నాడు. అవతల ఆ పిల్ల ఏడ్చింది. ఇవతల ఈయనా ఏడ్చాడు.

ఎనిమిదిన్నరకు విమానం లేచింది. ఇంకా మిరప చేలు దాటలేదు, ఫోను టింగుమంది. పేజీలో ఎవరో అడిగారు: ‘ఎక్కడికి?’

“మార్కూ, వెనక్కి తిప్పు” అన్నాడు.

పైలట్ మార్క్ కంగారు పడ్డాడు. “ఏమైంది సార్?”

“అడిగారయ్యా. మంచినీళ్లు తాగి వెళ్దాం.”

“నీళ్లు ఇక్కడే ఉన్నాయి సార్.”

“గడప లోపల తాగాలి.”

దిగి, రేకుల షెడ్డులో కుర్చీలో కూర్చుని తాగాడు. రెండోసారి లేచేసరికి నలభై మంది అడిగారు. మళ్లీ దిగాడు. మూడోసారి మార్క్ చేతులు జోడించి, “ఆ ఫోను ఆపెయ్యండి సార్” అన్నాడు.

“చూడకపోతే వాళ్లు అడగనట్టా?”

ఎందుకు తిరిగొస్తున్నారని రేడియోలో కంట్రోలు వాళ్లు అడిగారు. “మంచినీళ్లకి” అన్నాడు మార్క్.

షెడ్డులోంచి అంకమ్మరావు ఫోను చేసి అరిచాడు. “ఏరా బాషా, నా విమానం నీ అబ్బసొమ్మా?”

“మీదేనండి. ఆకాశం అందరిదీ కదండీ, ఎవరైనా చూడొచ్చు.”

“చూడండి, ఎవడొద్దన్నాడు? ఎక్కడికని మాత్రం అడగొద్దని చెప్పు!”

జాన్ బాషా మంచివాడు. ‘దయచేసి ఎవరూ ఎక్కడికి అని అడగకండి’ అని వెంటనే రాశాడు. ‘ఏం, ఎక్కడికి?’ అని మూడొందల మంది అడిగారు.

అంకమ్మరావు మూడో గ్లాసు అందుకుంటుండగా కూతురి మెసేజ్ వచ్చింది.

‘నాన్నా, పొద్దుట్నుంచి ఆ పేజీయే చూస్తున్నా. మూడుసార్లు బయల్దేరావు, మూడుసార్లు వెనక్కి పోయావు. మనసు ఒప్పకపోతే రావద్దు. ఇట్లా ఆశపెట్టి చంపొద్దు. పన్నెండింటికి సంతకం పెట్టేస్తా.’

మంచినీళ్లు ఫోనులో కనపడవు. వెనక్కి తిరిగిన తండ్రే కనపడతాడు. ఫోను చేశాడు, ఎత్తలేదు. మళ్లీ చేశాడు, ఎత్తలేదు. ఇన్నేళ్లలో ఏ సరుకు పోయినా ఇంత భయపడలేదు. ఆ పిల్ల ఇప్పుడు చూస్తున్నది ఒక్క పేజీనే.

గ్లాసు అక్కడే పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి విమానంలో కూర్చున్నాడు. పదకొండు వేల మందీ చూస్తుండగా ఒంటివేలితో రాశాడు: ‘నేను అంకమ్మరావును. మా తేజశ్రీ పెళ్లికి విశాఖపట్నం వెళ్తున్నా. అమ్మా, పన్నెండు దాటినా నాకోసం ఆగు.’

“పోనియ్ మార్కూ” అన్నాడు.

అద్దంకి వెనకబడుతుండగా ఆ రాత కింద ఎవరో అడిగారు: ‘అబ్బాయి మనవాళ్లేనా?’

అంకమ్మరావు ‘మా అల్లుడు’ అని రాసి ఫోను జేబులో పెట్టుకున్నాడు.