పెద్దకోడలు దాచుకున్న బొమ్మలు

పెద్దకోడలు పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, గోడమీది అక్షరాలు చదివించి, ఒక్కో అద్దం మారుస్తూ "ఇప్పుడెలా ఉంది? ఇందాకటికంటే నయమా?" అని అడగడం ఆమె ఉద్యోగం. జనం లేని వేళల్లో మాత్రం ఆమె కళ్ళు ఫోన్‌లో ఉండేవి. ఎవరికీ తెలియని చిత్రకారులను వెతికి పట్టుకోవడం ఆమెకు పిచ్చి. ఒక బొమ్మ నచ్చితే దాన్ని వేసిన మనిషి పేజీకి వెళ్ళేది. ఆ మనిషి మెచ్చుకున్న ఇంకొకరి దగ్గరికి, అక్కడినుంచి మరొకరి దగ్గరికి, అలా సందులు గొందులు తిరిగి, ఎక్కడో ఓ మూల కూర్చుని బొమ్మలేసుకునే మనిషిని బయటికి లాగేది. దొరికినవాళ్ళని తన పేజీలో పరిచయం చేసేది. బొమ్మ కింద రాసేది నాలుగు ముక్కలే అయినా వాటితో రెండు రోజులు కుస్తీ పట్టేది. చదివేవాళ్ళు గుప్పెడుమంది. ఆ గుప్పెడుమందీ మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు. అది చాలనుకునేది. తోడికోడలు రంగంలోకి దిగేదాకా నిజంగానే చాలింది కూడా.

చిన్నకోడలి కాపురం అదే ఇంట్లో పై వాటాలో. ట్రావెల్ ఆఫీసులో టికెట్లు బుక్ చేసే పని. నోరు విప్పితే నవ్వే మనిషి. ఓ సెలవురోజు వచ్చి పక్కన చేరింది.

"అక్కా, వీళ్ళంతా నీకెక్కడ దొరుకుతారే? నాక్కూడా నేర్పవా?"

పెద్దకోడలు పొంగిపోయింది. ఎలా వెతకాలో, ఎవరి బొమ్మ పెట్టాలన్నా ముందు వాళ్ళనే ఎందుకు అడగాలో, పేరు ఎక్కడ రాయాలో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. నెల తిరక్కుండా చిన్నకోడలికి సొంత పేజీ వెలిసింది. ఆమె రాతకి వెనకా ముందూ చూసుకోవడం లేదు. మూతి ముడుచుకున్న పిల్లి బొమ్మ ఒకటి పెట్టి, "కాఫీ ఆలస్యమైతే అచ్చం మా మామగారే" అని రాసేసింది. జనం విరగబడ్డారు. మామగారు కడుపు పట్టుకుని నవ్వి, తన స్నేహితులందరికీ పంపుకున్నాడు. పెద్దకోడలు రాసినవాటిలో ఒక్కటైనా ఆయన ఎవరికీ పంపిన పాపాన పోలేదు.

"బాగుందే," అంది పెద్దకోడలు పైకి. లోపల ఒళ్ళు భగ్గుమంది.

అప్పటినుంచి ఆమెకు కొత్త జబ్బు పట్టుకుంది. పొద్దున్నే మొహమైనా కడుక్కోకుండా తోడికోడలి పేజీ తెరిచి, ఎందరు చూశారో, ఎవరేమన్నారో చూసేది. తన దగ్గరికి వచ్చే పాతవాళ్ళు అక్కడ కూడా చప్పట్లు కొడుతూ కనపడితే ఆ పూట కాఫీ చేదుగా ఉండేది. చిన్నది ఎవరి పేరులోనైనా ఒక అక్షరం తప్పు రాస్తే మాత్రం ఆ రోజంతా కడుపు చల్లగా ఉండేది. ఇది మంచి బుద్ధి కాదని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఊరుకునే బుద్ధి కాదు అది.

సరిగ్గా అలాంటి రోజుల్లోనే ఆమెకు పశువుల డాక్టరు దొరికాడు.

ఆయన తన ఆసుపత్రిలో వంతు కోసం కూర్చున్న జంతువులనీ, వాటిని తెచ్చిన మనుషులనీ పెన్నుతో గీసి, పల్చగా నీళ్ళరంగులు పూసేవాడు. సూది అంటే హడలిపోయి యజమాని చొక్కాలో తల దూర్చిన కుక్క ఒకటి. ఇంకోదాంట్లో పంజరం ఒళ్ళో పెట్టుకుని, దానిమీద చెయ్యి వేసి కునుకు తీస్తున్న ముసలాయన, లోపల మేలుకుని కూర్చున్న చిలుక. ఆ బొమ్మ చూస్తూ పెద్దకోడలు అన్నం తినడం మరిచిపోయింది. మామూలుగా అయితే ఆ వారమే పరిచయం చేసేది. ఈసారి చెయ్యి రాలేదు. 'ఇక్కడ పెడితే రేపు చిన్నది చూస్తుంది, ఎల్లుండికల్లా దీనికీ ఓ జోకు తగిలిస్తుంది. ఈయన నావాడు,' అనుకుంది.

డాక్టరుకి విడిగా ఉత్తరం రాసింది. ఆయన సంబరపడిపోయి జవాబిచ్చాడు. ఆ తర్వాత కొత్త బొమ్మ వేసినప్పుడల్లా ముందు ఆమెకే పంపేవాడు. ఆమె ప్రతిదానికీ పేజీడు రాసేది. ఓసారి ఆయన మొహమాటపడుతూ అడిగాడు: "మీ పేజీలో నాదొకటి పెడతారా? మా ఆవిడా మీరూ తప్ప ఇంకెవరూ చూడటం లేదండీ."

"మీవి గుంపు కోసం వేసే బొమ్మలు కావండీ. తొందరపడకండి," అని రాసింది.

"సరేనండీ," అన్నాడాయన.

కొన్నాళ్ళకి, దుకాణంలో ఓ పెద్దమనిషికి కళ్ళు పరీక్షిస్తూ మధ్యలో ఫోన్ చూసిన పెద్దకోడలు నిలువునా కొయ్యబారిపోయింది. చిన్నకోడలి పేజీలో చిలుక. కింద "లోపలున్నది కాపలా, బయటున్నది నిద్ర. మా ఆఫీసూ ఇంతే" అన్న మాట. దానికి వేలమంది చప్పట్లు. ఏ అద్దం తీసి ఏ అద్దం పెడుతోందో ఆమెకే తెలియలేదు. "అమ్మా, గోడే కనపడటం లేదమ్మా!" అని పెద్దమనిషి మొత్తుకుంటేగానీ ఈ లోకంలోకి రాలేదు.

ఆ సాయంత్రం అందరూ భోజనాలకి కూర్చున్నారు. ఆమె కంచం ముట్టుకోలేదు.

"నా ఫోన్ ఎప్పుడు చూశావ్?" అంది.

"ఏ ఫోనక్కా?" చిన్నకోడలు తెల్లబోయింది.

"నంగనాచి కబుర్లొద్దు. ఆ డాక్టరు నీకెలా దొరికాడు? నేర్పినందుకు నాకే ఎసరు పెడతావా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?" అని పెద్దకోడలి భర్త ఆపబోయాడు. అత్తగారు గరిట పట్టుకుని అలాగే ఉండిపోయింది. చిన్నకోడలు తన ఫోన్ తీసి ముందుకి జరిపింది. అందులో డాక్టరు రాసిన ఉత్తరం: "నాకు తెలిసిన ఒకావిణ్ణి అడిగాను. తన పేజీకి నా బొమ్మలు తగవనుకున్నట్టున్నారు. మీరైనా ఒకసారి చూస్తారా? బాగాలేవంటే ఈ సరదా ఇంతటితో మానేస్తాను."

పెద్దకోడలు రెండుసార్లు చదివింది. ఆమె మొహం చూసి చిన్నకోడలికి అర్థమైంది.

"ఆ ఒకావిడ... నువ్వా అక్కా?"

పెద్దకోడలు ఫోన్ వెనక్కి నెట్టేసింది. "బొమ్మల కోసం తగువేమిటే, చంటిపిల్లల్లా!" అంది అత్తగారు. ఎవరూ నవ్వలేదు.

తర్వాత కొన్నాళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. మెట్లమీద ఎదురుపడితే ఒకరు గోడ చూస్తే ఒకరు చెప్పులు చూసుకునేవారు. పెద్దకోడలికి డాక్టరు రాసిన ఆఖరి మాట ముల్లులా గుచ్చుకునేది. తను అంతగా ప్రేమించిన బొమ్మలు తనవల్లే ఆగిపోయేవి. అయినా సరే, చిన్నదాన్ని తలుచుకుంటే మంట తగ్గలేదు. ఆ మనిషిని నిలబెట్టింది తను కాకపోయిందే అన్న మంట పైగా వచ్చి చేరింది.

ఇంతలో డాక్టరు తన బొమ్మలు ఆసుపత్రి గోడలకి తగిలించి, ఇద్దరినీ వేరువేరుగా పిలిచాడు. వాళ్ళది ఒకే ఇల్లని ఆయనకి తెలియదు. వెళ్ళకూడదనుకుంది పెద్దకోడలు. చిన్నకోడలే కిందికి దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నువ్వు రాకపోతే ఆయనతో ఏం మాట్లాడాలో నాకు తెలీదక్కా. రా."

బస్సులో పక్కపక్కనే కూర్చుని ఒక్క ముక్క మాట్లాడుకోకుండా వెళ్ళారు. మందుల వాసన కొట్టే వరండాలో, బెంచీల పైన, బొమ్మలన్నీ వరసగా ఉన్నాయి. డాక్టరు బట్టతల, బక్కపల్చని మనిషి. చిన్నకోడల్ని చూడగానే ఎదురొచ్చి, "మీ పుణ్యమా అని ఎంతమంది రాస్తున్నారో!" అన్నాడు. పెద్దకోడలు గోడవైపు తిరిగి చిలుకని చూస్తూ నిలబడింది. చిన్నకోడలు ఆమె చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"మా అక్కండీ. మీకు ఉత్తరాలు రాసేది ఈవిడే."

డాక్టరు తడబడ్డాడు. పెద్దకోడలు ఆయనవైపు తిరిగింది. "తగవని కాదండీ. నాకొక్కదానికే ఉండాలనుకున్నాను. అంతే."

"ఆ మాటే చెప్పుంటే, ఇంకో ఏడాది సంతోషంగా వేసుకునేవాణ్ణి కదండీ," అన్నాడు డాక్టరు. తర్వాత చిలుక బొమ్మ చూపించి, "ఈ ముసలాయన నిద్రపోతున్నా చెయ్యి మాత్రం నిద్రపోలేదని రాశారు మీరు. అది చదివిన దగ్గర్నుంచి నేను ఎవర్ని గీసినా ముందు చేతులే చూస్తున్నాను," అన్నాడు.

పెద్దకోడలికి మొహమంతా వేడెక్కింది. ఆ క్షణంలో ఆమె చేసిన మొదటి పని, తోడికోడలు విన్నదా లేదా అని ఓరకంట చూడటం. విన్నది. ఆ నవ్వుమొహం మీద నవ్వు లేదు.

తిరుగు బస్సులో చిన్నకోడలు కిటికీవైపు చూస్తూ అంది: "నాకలా ఎవ్వరూ చెప్పలేదక్కా. వేలమంది చూస్తారు, నవ్వుతారు, పోతారు. నేనేం రాశానో ఒక్కరికీ గుర్తుండదు. నీవి చదివి కుళ్ళుకోబట్టే నేను జోకులు మొదలెట్టాను, తెలుసా?"

"నన్ను చూసి నువ్వు కుళ్ళుకున్నావా?"

"మరి?"

పెద్దకోడలికి పట్టరాని సంతోషం వేసింది. అలా సంతోషించినందుకు సిగ్గు కూడా వేసింది. కానీ సంతోషమే ముందొచ్చింది.

మర్నాడు దుకాణంలో ఆమె తన పేజీ కోసం కుక్క బొమ్మ సిద్ధం చేసింది. కింద రాయాల్సినదంతా రాసి, "ఈయన్ని ముందుగా చూపించింది మా తోడికోడలు" అని చేర్చింది. తీసేసింది. మళ్ళీ రాసింది. దుకాణం తలుపు తోసుకుని ఎవరో లోపలికి వస్తుండగా, ఇంకోసారి మనసు మారకముందే, పంటి బిగువున 'పోస్ట్' నొక్కేసింది.