పిచుకలకు ఆదివారం గడువు

సూరిబాబు చేసిన పని ఏదైనా సరే, కదలదు. రాయపూర్ వ్యాగన్ల వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా బోల్టులు బిగించిన చెయ్యి అది. రిటైరై అదే ఊళ్లో మోవా పేటలో రెండో అంతస్తు ఫ్లాటులోకి వచ్చాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. తలుపు గడియలు బిగించింది, మంచం కోళ్లు బిగించింది, చివరికి దేవుడి పటాలకు సైతం రెండేసి మేకులు కొట్టింది. ఇక బిగించడానికి ఏమీ మిగలని రోజుల్లో వచ్చాయి పిచుకలు.

ఒక్క జంట. దసరా వెళ్లిన మూడోనాడు, బాల్కనీ గోడకు ఏసీ గొట్టం కోసం తొలిచి వదిలేసిన కన్నంలోకి గడ్డిపోచలు మోస్తూ కనిపించాయి. రైల్వే క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ మీటరు పెట్టె వెనక పిచుకల గోలతోనే తెల్లవారేది. ఈ ఇంటికొచ్చి రెండేళ్లయినా ఒక్కదాని మొహం చూడలేదు. సూరిబాబుకు కాళ్లు నేల మీద నిలవలేదు. పళ్లు తోముకుంటున్నవాడు నోట్లో నురగతోనే పెళ్లాం రమణమ్మను లాక్కొచ్చి చూపించాడు.

ఆ పూటే నూనె డబ్బాను అడ్డంగా కోసి, అంచులు మడిచి, బాల్కనీ ఊచలకు నాలుగు బోల్టులతో బిగించాడు. నూకలు, కొర్రలు కలిపి పోశాడు. గంట తిరక్కుండా పావురాలు దిగాయి. పెళ్లి బంతిలో కూర్చున్నట్టు వరసగా కూర్చుని డబ్బా ఖాళీ చేశాయి. పిచుకలు ఎదురు తీగ మీద నుంచి చూశాయి. మర్నాడు డబ్బా పైభాగం మూసేసి చిన్న కన్నాలు పెట్టాడు. పావురాలు తలలు దూర్చాయి. ఆ పై రోజు నీళ్ల సీసాలో గింజలు నింపి, చెక్క గరిటెలు గుచ్చి కట్టాడు. గరిటెల మీదే కాపురం పెట్టాయి.

తిన్నవి ఊరికే పోతాయా? కింది ఫ్లాటులో ఉండే రాజశ్రీ ఆసుపత్రిలో నర్సు. ఆరేసుకున్న ఆమె తెల్లకోటు మీద మూడు రోజుల్లో రెండుసార్లు రెట్ట పడింది. ఆమెదీ ఆంధ్ర నుంచి వచ్చిన రైల్వే కుటుంబమే. అందుకని గొంతు పెంచలేదు గానీ, గురువారం సాయంత్రం పైకొచ్చి పావురాల సంగతి కచ్చితంగా చెప్పేసింది.

“అంకుల్‌జీ, సండే వరకు చూస్తా. అప్పటికీ కబూతర్లే దిగితే ఈ డబ్బాలన్నీ తీసెయ్యాలి. ఆ గోడ కన్నం కూడా సిమెంటు పెట్టి బంద్ చెయ్యాలి.”

కన్నం మూస్తే పిచుకలు పోయినట్టే. ఆ రాత్రి సూరిబాబుకు అన్నం సయించలేదు.

రమణమ్మ మాత్రం శుక్రవారం పొద్దున తిల్దా వైపు నుంచి కూరలు తెచ్చే మనిషి చేత చంకెడు కొత్త వరి కంకులు తెప్పించింది. దీపావళి ముందు ఛత్తీస్‌గఢ్ వాళ్లు కంకుల్ని అల్లి గుమ్మానికి కడతారు. దాన్ని చిరయీ చుగ్ని, అంటే పిట్టల మేత, అంటారు. రమణమ్మ పుట్టిన శ్రీకాకుళం పల్లెలోనూ కొత్త పంట రాగానే కుచ్చులు అల్లడం ఉంది. కాడలు విరక్కుండా తడిపి, పాయలు పాయలుగా అల్లి, సందేళకు సొరకాయంత కుచ్చు చేసింది. సూరిబాబు దాన్ని రెండు చేతులా అందుకుని, మందపాటి ఇనపతీగతో పైనా కిందా బిగించి ఊచలకు కట్టేశాడు. తుపాను వచ్చినా కదలదన్నాడు.

శనివారం తెల్లారేసరికి కుచ్చు మీద రెండు పావురాలు. కొంగు నోట్లో కుక్కుకున్నా రమణమ్మకు నవ్వు ఆగలేదు.

“గూడ్సు పెట్టెకి కట్టినట్టు కట్టీసినారేటండీ? కుచ్చంటే ఊగాల. పిచిక్కి ఎంత ఊగినా భయం నేదు. పావురానికి కాళ్లకింద కదిల్తే పేనం పోద్ది. పైన ఒక్క తాడు కట్టి వొగ్గీండి.”

“తెగిపోతేనో?”

“తెగితే మల్లీ కడదాం.”

కదిలిందంటే పట్టాలు తప్పినట్టేనని ముప్పై నాలుగేళ్లు నమ్మిన మనిషి పటకారుతో ఇనపతీగ కత్తిరించాడు. డబ్బాలు, సీసాలు పీకేశాడు. కుచ్చును ఊచల మీద కూర్చున్న పావురానికి అందనంత దూరంగా, కప్పు కొక్కేనికి పురికొస తాడుతో వేలాడదీశాడు. గాలికి అది గిర్రున తిరుగుతుంటే ఆయన చెయ్యి రెండుసార్లు పటకారు వైపు వెళ్లింది. ఆ రోజంతా ఒక్క పిట్టా రాలేదు.

ఆదివారం పొద్దున నైట్ డ్యూటీ దిగి రాజశ్రీ నేరుగా పైకొచ్చింది. రమణమ్మ టీ ఇచ్చింది. ముగ్గురూ తలుపు తెర వెనక నిలబడ్డారు.

ముందు పావురమే వచ్చింది. కుచ్చు మీద వాలడం, కుచ్చు పక్కకు పోవడం, అది రెక్కలు టపటపలాడిస్తూ ఊచల మీద పడడం ఒక్కసారే జరిగాయి. మళ్లీ ఎగిరింది, మళ్లీ జారింది. మూడోసారికి మెడ నిక్కించి, ఎవరూ చూడలేదులే అన్నట్టు వెళ్లిపోయింది.

అప్పుడు దిగింది మగపిచుక. కుచ్చు కొసన తలకిందులుగా వేలాడి, ఊగుతూనే గింజ లాగింది, పొట్టు ఉమ్మింది, మళ్లీ లాగింది. వెనకే ఆడది. సూరిబాబు రమణమ్మ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గాజు నొక్కుకుపోయింది. రాజశ్రీ టీ తాగడం మరిచిపోయింది.

“అరే, ఉల్టా వేలాడి తింటున్నాయి,” అని గుసగుసగా అంది. టీ కప్పు కింద పెట్టి, “కన్నం అలాగే ఉంచండి అంకుల్‌జీ. కానీ కింద రాలిన గింజలు రోజూ మీరే ఊడ్చాలి. లేకపోతే వాటి కోసం మళ్లీ కబూతర్లు దిగుతాయి,” అంది.

సూరిబాబు తలూపాడు. ఆ మాట చెవికెక్కిందో లేదో అనుమానమే. ఎదురింటి మామిడి మీద నుంచి మరికొన్ని పిచుకలు వచ్చి వాలాయి. ఆయన పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. నాలుగు దాకా వచ్చేసరికి కుచ్చు తిరిగిపోతోంది, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతున్నాడు.