ఎనభై ఏడో బొమ్మ

ఆ ఇంట్లో అత్తగారు కాఫీ నిలబడి తాగుతోందంటే, ఆవిడ కూర్చోవడం ఇంకా టీచరమ్మ దగ్గరే ఉందని అర్థం. కోడలు రష్యన్ నేర్పే ఆన్‌లైన్ కోర్సుకి కదిలే బొమ్మలు గీస్తుంది. మాటకో బొమ్మ, రెండేసి సెకన్లు. గుండ్రటి తలా, గీతల్లాంటి కాళ్ళూ చేతులూ ఉన్న మనిషి ఒకడు తలుపు తీస్తాడు, నీళ్ళు తాగుతాడు, టోపీ పెట్టుకుంటాడు. వెనక టీచరమ్మ గొంతు ఆ మాటని రష్యన్‌లో పలుకుతుంది. చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది గానీ ఆ రెండు సెకన్లకి ఇరవై నాలుగు బొమ్మలు గీయాలి.

కోడలు ఊహించి గీసే రకం కాదు. ఎదురుగా ఎవరో ఒకరు ఆ పని చేసి చూపించాలి. చూపించినవాళ్ళ దగ్గర్నుంచి ఆ పని బొమ్మలోకి వెళ్ళిపోతుంది, టీచరమ్మ ఓకే కొట్టేదాకా తిరిగి రాదు. చొక్కా ఇస్త్రీకి వేసినట్టే, అది వచ్చేదాకా వేసుకోలేం. మొగుడు తుమ్మి చూపించిన పూటంతా ముక్కు నలుపుకుంటూ తిరిగాడు. అత్తగారు కూర్చుని చూపించిన రోజు సాయంత్రం దాకా ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగి కోడల్ని దులిపేసింది. టీచరమ్మ కూడా ఒకసారి చెయ్యి ఊపుతూ వీడియో తీసి పంపి, రెండ్రోజులు ఎవరికీ టాటా చెప్పలేక గుమ్మంలో గుడ్లప్పగించి నిలబడింది. ఆ బాధ తెలిసిన దగ్గర్నుంచీ ఎవరి పనీ తన దగ్గర ఎక్కువసేపు ఉంచుకోదు. రోజూ పొద్దున్నే ఫోను ఆపేసి పాఠాలు రికార్డు చేసుకుని, సరిగ్గా పదకొండింటికి కూర్చుని, వచ్చిన బొమ్మలన్నీ చకచకా ఓకే కొట్టేస్తుంది.

ఎనభై ఆరు బొమ్మలు పంపితే ఒక్కటీ వెనక్కి రాలేదు. ఈ సంగతి కోడలు ఇంటికొచ్చిన వాళ్ళకి అడక్కపోయినా చెబుతుంది.

ఎనభై ఏడో మాట 'పడ్డాడు'. రష్యన్‌లో 'ఉపాల్'.

"ఈ వయసులో నన్ను పడమంటావా తల్లీ?" అంది అత్తగారు ముందే.

"నేను పడతాలే, నాకిది ఎంతసేపు," అన్నాడు మొగుడు. పొద్దున్నే పరుపు నేల మీద వేసుకుని నాలుగుసార్లు పడ్డాడు. నాలుగోసారి ఎంత బాగా పడ్డాడంటే అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అతను ఎత్తైన భవనాలకి బయటి గోడల రంగులు వేస్తాడు. పైనుంచి రెండు తాళ్ళు, వాటికి కట్టిన పలక, దాని మీద అతనూ రంగు డబ్బా. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "అయితే ఇవాళ నాకు బెల్టు కూడా దండగేనన్నమాట," అన్నాడు.

"పిచ్చి వాగుడు. పదకొండింటికల్లా వచ్చేస్తుంది మీది మీకు," అంది కోడలు పెన్ను నోట్లో పెట్టుకుని, తల ఎత్తకుండానే.

పదింబావుకి బొమ్మ పంపేసింది. పదీ నలభైకి మేస్త్రి ఫోన్ చేశాడు.

"అమ్మా, కంగారు పడకు."

ఆ మాట విన్నాక కంగారు పడనివాళ్ళు ఎవరుంటారు? ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"పలక తాడు ఒకటి తెగింది. పలక ఒరిగిపోయి రెండో తాడుకి వేలాడుతోంది. వాడికి అందదు."

"ఆయనేరి?"

"తొమ్మిదో అంతస్తు ఎదురుగా ఉన్నాడు. గాల్లో నిలబడి ఉన్నాడు. ఇవాళ వాడి దగ్గర ఏం తీసుకున్నావమ్మా?"

"పడటం."

అవతల మేస్త్రి గట్టిగా ఊపిరి వదిలాడు. "బతికించావు. ఎప్పటిదాకా?"

"పదకొండు. నడుముకి బెల్టు లేదా?"

"విప్పేశాడమ్మా. ఇవాళ నాకక్కర్లేదు మేస్త్రీ అని నన్నే ఎగతాళి చేశాడు. అటువైపు గోడకి కిటికీ కూడా లేదు. పైనుంచి ఇంకో తాడు దించాలి. తాళ్ళ గది తాళం సూపర్‌వైజర్ దగ్గరుంది, బయల్దేరాడంట. అంతా అయ్యేసరికి ముప్పావుగంట."

ఆవిడ లెక్క వేసుకుంది. తాడు వచ్చేసరికి పదకొండూ పాతిక, పడటం పదకొండింటికే వచ్చేస్తుంది. అతనికి గడువు గుర్తులేదు, బెల్టు దండగన్నమాటే గుర్తుంది. ఆ మాట తన ముందే అన్నాడు, తను తల కూడా ఎత్తలేదు.

టీచరమ్మకి ఫోన్ చేసింది. స్విచ్చాఫ్. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే.

"బొమ్మ చెరిపెయ్యవే," అంది అత్తగారు.

"చెరిపితే పడటం వెంటనే ఆయనకి వెనక్కొచ్చేస్తుంది అత్తయ్యా. మీ ఆవలింత గుర్తులేదా?"

గుర్తుంది. ఆవలింత సగం గీశాక కంప్యూటరు ఆగిపోయి బొమ్మ కాస్తా పోతే, వంటింట్లో ఉన్న అత్తగారికి ఆ క్షణంలోనే నోరు తెరుచుకుంది.

కోర్సు పేజీ కోడలికి కొట్టినపిండి. పంపిన బొమ్మని వెనక్కి తీసుకోవడం కుదరదు. టీచరమ్మ చూసేలోపు మార్చి మళ్ళీ పంపచ్చు, అంతే. టీచరమ్మతో మాట్లాడే పెట్టె, ఆవిడ బొమ్మ తప్పని వెనక్కి పంపితేనే తెరుచుకుంటుంది. అంటే ఈ బొమ్మ ఓకే కాకుండా వెనక్కి రావాలి, అప్పుడు పడటం అందులోనే ఉండిపోతుంది. తప్పుగా ఉండాలి.

కూర్చుంది. ఒక మోకాలు వంకర చేసింది. చూసుకుంది. లాభం లేదు, ఎనభై ఆరు చూసిన నమ్మకంతో టీచరమ్మ దీన్నీ దాటేస్తుంది. తల పెద్దది చేసింది. అదీ దాటేస్తుంది. బాగా గీస్తానన్న పేరు తెచ్చుకున్నందుకు జీవితంలో మొదటిసారి తనని తనే తిట్టుకుంది. పదీ యాభై నాలుగు.

తొందరలో వేలు జారి బొమ్మల వరస వెనకనుంచి ముందుకి ఆడింది.

"అదేమిటే, వాడు లేస్తున్నాడు?" అంది వెనక నిలబడ్డ అత్తగారు.

కోడలు ఒక్క క్షణం తెర వంకే చూసింది. గీత బాగోకపోతే టీచరమ్మ ఊరుకుంటుంది. పడ్డాడు అన్న మాటకి లేచేవాణ్ణి చూపిస్తే మాత్రం ఊరుకోదు. ఇరవై నాలుగు బొమ్మల్నీ తిరగేసింది, చివరిది మొదటికి, మొదటిది చివరికి. పదీ యాభై ఎనిమిదికి పంపింది. వెళ్తున్నట్టు చూపించే గీత సగందాకా వచ్చి ఆగి, మళ్ళీ కదిలింది.

అత్తగారు మేస్త్రి ఫోను చెవి దగ్గర్నుంచి తీయలేదు. అరనిమిషానికోసారి "ఉన్నాడా నాయనా?" అంటోంది. "ఉన్నాడమ్మా," అంటున్నాడాయన. పదకొండైంది. ఉన్నాడు. పదకొండూ రెండు. ఉన్నాడు.

పదకొండూ మూడుకి తెర మీద ఎర్రటి గుర్తు పడింది. ఎనభై ఏడో బొమ్మ వెనక్కి వచ్చింది. పెట్టె తెరుచుకుంది, టీచరమ్మ టైపు చేస్తోంది.

"అమ్మాయ్, ఇది నీ బొమ్మేనా? తిరగబడి నడుస్తోంది. పాపం ఎవరో ఎదురుచూస్తుంటారు. ఉండు, నేనే తిరగేసి ఓకే కొట్టేస్తున్నా."

కోడలు ముందు "వద్దు" అని కొట్టింది. మిగతాది తరవాత. "మా ఆయనది. తొమ్మిదో అంతస్తు దగ్గర గాల్లో ఉన్నాడు. తాడు రావాలి."

అత్తగారు "ఉన్నాడా?" అనడం కూడా మానేసింది. ఇద్దరూ తెర వంకే చూస్తున్నారు.

"చెయ్యి తీసేశాను," అని వచ్చింది. "కుర్చీలోంచి కూడా లేచిపోయాను. దించాక చెప్పు."

పదకొండూ ఇరవై ఆరుకి తాడు దిగింది. అతను నేల మీద కాళ్ళు పెట్టాక ఫోను అందుకుని, "ఏమే, కంగారు పడ్డావా?" అన్నాడు. ఆవిడ ముందు ఏడ్చింది, తరవాత తిట్టింది. ఆ తిట్లు మేస్త్రికి కూడా వినపడ్డాయి.

సాయంత్రం టీచరమ్మ ఫోన్ చేసింది.

"ఆ బొమ్మ సంగతి ఏం చేద్దామంటావ్?"

"సరిచేసి పంపనా అండీ?" అంది ఆవిడ.

"పంపితే నేను చూడాలి. చూస్తే బాగుంటుంది. బాగుంటే ఓకే కొట్టాలి." గొంతు తగ్గించింది. "ఆ ఒక్క మాటకీ బొమ్మ లేనంత మాత్రాన ఎవరి రష్యనూ ఆగిపోదులే. దిద్దుబాటులో ఉందని రాసి ఉంచుతాను."

అలా ఆవిడ లెక్కలో ఒక బొమ్మ శాశ్వతంగా ఎర్ర గుర్తుతో మిగిలిపోయింది. మొగుడు రోజూ బెల్టు పెట్టుకునే వెళ్తున్నాడు. పెట్టుకోకపోతే ఆ పూటే ఓకే కొట్టిస్తానని ఆవిడ బెదిరించింది.

వారం తరవాత టీచరమ్మ దగ్గర్నుంచి వీడియో ఒకటి వచ్చింది. మంచం నిండా దిళ్ళు పేర్చి ఉన్నాయి. పక్కనే ఎనభై దాటిన పెద్దావిడ, టీచరమ్మ వాళ్ళమ్మ, కర్ర పట్టుకుని నిలబడి ఉంది. రెండుసార్లు బాత్రూంలో జారి తుంటి ఎముక విరిగిన మనిషి. "ఇప్పుడు పడనా?" అని కెమెరా వంక చూసి అడిగి, కర్ర వదిలేసి దిళ్ళ మీద పడింది. పడ్డాక కిలకిలా నవ్వింది.

కింద టీచరమ్మ రాసింది. "ఎనభై ఎనిమిదో మాట 'పడింది'. ఇవాళే కొత్తగా చేర్చాను. తప్పుగా గీసి పంపమ్మా."

ఆవిడ ఆ బొమ్మకి రెండ్రోజులు తీసుకుంది. గుండ్రటి తలకి ముడి పెట్టింది, చేతికి కర్ర ఇచ్చింది. నవ్వు కూడా గీసింది. అంత బాగా ఇంతకుముందెప్పుడూ గీయలేదు. తరవాత ఇరవై నాలుగింటినీ జాగ్రత్తగా తిరగేసి, పదకొండుకి ఐదు నిమిషాల ముందు పంపింది.

పదకొండింటికి అది ఎర్ర గుర్తుతో వెనక్కి వచ్చింది.