ఓడ దారిలో ఊరు

మంచుమీద మా బావ బండి జాడ నేరుగా వెళ్లి నల్లటి నీళ్ల దగ్గర ఆగిపోయింది. అవతలి అంచున జాడ లేదు. అసలు పొద్దే పొడవని నెల అది. మా చేతిదీపాల వెలుగులో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. ఎంత వెతికినా శవం దొరకలేదు.

గనుల్లో, రేవుల్లో పనిచేసే అన్నలకూ, చదువుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ సంగతి చెబుతున్నాను. మా బావ కుప్పాక్ తాగి పడిపోయాడని గని కంపెనీ మనిషి రేడియోలో అన్నాడు. పచ్చి అబద్ధం. ఉత్తర ధ్రువానికి దగ్గరి ఊరు మాది, మాకు గడ్డకట్టిన సముద్రమే నేల. సీల్ అనే సముద్రజంతువు వేట దానిమీదే, పక్క ఊరి చుట్టాలతో రాకపోకలూ దానిమీదే. ఇనుపరాయి మోసే గని ఓడ ఆ నేలను నిలువునా చీల్చుకుంటూ పోయింది. వస్తున్నానని ఊరికి మాటమాత్రం చెప్పలేదు. చీలినచోట పలచటి పొర కట్టింది, పొరమీద మంచు కురిసింది. కుక్కలబండి అయితే కుక్కలు పసిగట్టి మొరాయించేవి. బావ మంచుమోటారు మీద వెళ్లాడు. వాళ్ల నాన్న తిరిగిన దారే కదా అని నమ్మాడు.

తర్వాత ఊరి హాల్లో కంపెనీ మీటింగు పెట్టింది. వేయించిన కోడి తెప్పించారు. చివర్లో లాటరీ తీసి ఒకరికి టీవీ ఇస్తామన్నారు. గ్రాంట్ అనే అధికారి కోటు కూడా విప్పకుండా మాట్లాడాడు.

"వేటకెళ్లే ప్రతి ఒక్కరికీ ఒక పరికరం ఇస్తాం. ఆపద వస్తే మీట నొక్కండి, మాకు తెలిసిపోతుంది. మీ భద్రతే మాకు ముఖ్యం."

కుప్పాక్ మేనత్త ఉయారాక్ కోడిముక్క నములుతూనే అడిగింది. "నీళ్లలో మునిగేవాడు మీట వెతుక్కుంటాడా నాయనా? ఆ ఓడని ఆపే మీటేదో మాకియ్యి, చాలు."

హాలంతా గొల్లున నవ్వింది. గ్రాంట్ నవ్వలేదు. "ఓడ ఆగితే గని ఆగుతుంది. అప్పుడు మీ పిల్లల ఉద్యోగాలేం కావాలి?"

నవ్వులు ఆగిపోయాయి. నేనూ ఆ గనిలో లారీ తోలేవాణ్ణే. నా పక్కనున్న డ్రైవరు టులుగాక్ లేచి, "నిజమే కదత్తా. గని మూసేస్తే ఏం తిని బతకాలి?" అన్నాడు.

"మూసెయ్యమని నేనన్నానట్రా? ఎండాకాలం నీళ్లుంటాయిగా, అప్పుడు తిప్పుకోమను. చలికాలం మా నేల మాకొదిలెయ్యమను. అయినా నువ్వు లారీ తోలకపోతే ఆ ఓడలోకి ఏం ఎక్కుతుందిరా? మీట నీ చేతుల్లో పెట్టుకుని వాణ్ణి చూసి వణుకుతావేం?"

టులుగాక్ కూర్చున్నాడు. టీవీ ఎవరికొచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.

పొద్దు తిరిగి పొడవడం మొదలయ్యాక నా చెల్లెలు నివియాక్‌కి కొడుకు పుట్టాడు. తండ్రి పేరే పెట్టాం, కుప్పాక్ అని. మాలో పేరుతోపాటు మనిషీ తిరిగొస్తాడు. అందుకే వాడి అక్క వాణ్ణి నాన్నా అంటుంది. ఉయారాక్ అల్లుడా అంటుంది. నేను బావా అంటాను. మా చెల్లెలికి మాత్రం వాణ్ణి మొగుణ్ణి పిలిచినట్టు పిలవడానికి నోరు రాలేదు. పాలిస్తూ ఏడ్చేది.

వసంతం వచ్చింది. మంచు కరగడానికి ఇంకా చాలా రోజులుండగానే ఓడ మళ్లీ వస్తోందని గని రేవులో విన్నాను. ఊరి రేడియోలో చెప్పాను. వెంటనే ఉయారాక్ గొంతు వినిపించింది. "ఏటా వసంతంలో వేటకోసం మంచుమీద వేసే గుడారాలే కదా. ఈసారి ఓడ దారిలో వేద్దాం."

ఊరు ఊరంతా కదిలింది. మేం లారీలు ఎక్కడివక్కడ ఆపేసి వచ్చాం. అందరికంటే ముందు తాళంచెవి పారేసింది టులుగాక్. మొదటి సీల్‌ని కోసి, ప్రతి గుడారానికీ వాటా పంచాం.

ఓడ కనబడకముందే తెలిసింది. కాళ్లకింద మంచు సన్నగా వణికింది. కుక్కలన్నీ లేచి నిలబడ్డాయి, ఒక్కటీ మొరగలేదు. నాకు భయం వేసింది.

ఓడకంటే ముందు గ్రాంట్‌ని వెంటబెట్టుకుని పోలీసులు వచ్చారు. "మిమ్మల్ని ఇక్కడికి తెచ్చిన నాయకుడెవరు? ఆ ఒక్క పేరు చెప్పండి. మిగతావాళ్లు ఇళ్లకెళ్లిపోవచ్చు" అన్నాడు పెద్ద పోలీసు.

ఉయారాక్ అంది. "కుప్పాక్."

"కుప్పాకే" అన్నాడు టులుగాక్. నేనూ అన్నాను. వెనకనుంచి ముసలివాళ్లు, ఆడవాళ్లు, బడిపిల్లలు అదే పేరు చెప్పారు.

గ్రాంట్ పెద్ద పోలీసు వైపు తిరిగాడు. "కుప్పాక్ చచ్చిపోయాడు" అన్నాడు.

"నువ్వు చూశావా?" అంటూ నివియాక్ గుడారంలోంచి వచ్చింది. బిడ్డల్ని మోయడానికి కోటు వీపున కుట్టిన పెద్ద టోపీలోంచి కొడుకుని తీసి చేతుల్లోకి తెచ్చుకుంది. వాడు నిద్రపోతున్నాడు. ఇన్నాళ్లూ పలకలేని పిలుపు అప్పుడు పలికింది నా చెల్లెలు. "ఏమయ్యా, లేవయ్యా. నీకోసం పోలీసులొచ్చారు."

పెద్ద పోలీసు ఆ బిడ్డవైపు చూసి తల తిప్పుకున్నాడు. అయినా ఎవరినో ఒకరిని తీసుకెళ్లాలి కదా, ఉయారాక్‌కి బేడీలు వేశాడు. బండెక్కుతూ ఆమె, "టీ పొయ్యిమీదే ఉంది, మాడిపోగలదు చూడండ్రా" అంది. అంతే, తీసుకెళ్లిపోయారు.

అప్పటికి దూరాన ఓడ ముక్కు నల్లగా కనబడుతోంది. అది ఆగుతుందో ఆగదో మాకెవరికీ తెలియదు. టులుగాక్ టీ దించి అందరికీ పోశాడు. తాగేసి, ఉయారాక్ గుడారం పీకి, ఓడకేసి ఇంకాస్త ముందుకు తీసుకెళ్లి వేశాం. మిగతా గుడారాలూ ఒక్కొక్కటే దాని పక్కకు వచ్చాయి.